ఇరవై రెండు అంగుళాల గేటు

నేను బట్టలు కుడతాను. వరంగల్ శివనగర్‌లో మా ఇంటి ముందు గదే నా షాపు. పొద్దున మెడలో టేపు వేసుకుంటే మళ్లీ రాత్రి పడుకునేటప్పుడే తీస్తాను. ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, రెండేళ్లుగా మా బాబు కోసం నేను తిరిగిన తిరుగుడంతా ఆ టేపుతోనే జరిగింది.

బాబుకు ఇప్పుడు పదేళ్లు. పుట్టగానే ఏడవలేదు. సెరిబ్రల్ పాల్సీ అన్నారు. కాళ్లు బిగుసుకుని ఉంటాయి, నడుము నిలవదు, మాటలు నాలుగైదే వస్తాయి. అర్థం కానిది మాత్రం ఏదీ లేదు. ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో ఫిజియోథెరపీ చేయిస్తున్నాం. వైకల్యం ఎంతుందో రాసిచ్చే సదరం సర్టిఫికెట్ ఉంది, దాని మీద పింఛను వస్తుంది. ఏడో ఏట ఒక క్యాంపులో కొలతలు తీసుకుని వీల్‌చైర్ ఇచ్చారు. కాన్పూర్‌లో ఆలింకో అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ వాళ్లు తయారుచేసేది. అప్పటిదాకా వాడిని చంకన వేసుకునే తిరిగాను. కుర్చీ వచ్చిన రోజు మా అత్తమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టి, "ఇగ నా మనుమడు ఊరంత తిరుగుతడు" అంది. మేమూ అదే అనుకున్నాం.

మొదట కోటకు తీసుకెళ్లాం. ఆటోలో పావుగంట. గణపతిదేవుడు మొదలుపెట్టగా రుద్రమదేవి పూర్తి చేసిన రాతి కోట, దాని చుట్టూ మట్టి కోట. మధ్యలో నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు. వాటి నడుమ స్వయంభూ శివాలయం ఉండేది. 1323లో కాకతీయుల రాజ్యం పోయాక అది కూలిపోయి ముక్కలు మిగిలాయి. ఆ ముక్కలను ఇప్పుడు నేల మీద వరుసగా పేర్చి ఉంచారు. మనం నిలబడి చూస్తే అవన్నీ మోకాళ్ల దగ్గర ఉంటాయి, చూసీ చూడనట్టు దాటిపోతాం. కుర్చీలో కూర్చున్న బాబుకు అవి సరిగ్గా కళ్లెదుట వచ్చాయి. ఒక హంస ముందు ఆపమని చెయ్యి ఊపాడు. పది నిమిషాలు కదలనివ్వలేదు. ఈకల మీద చెక్కిన గీతల వెంట వాడి చూపు ఒక్కొక్కటిగా పోవడం నేను పక్కన కూర్చుని చూశాను. నేను చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు కోటకు పోయానో, ఆ హంసను మాత్రం ఆ రోజే చూశాను.

అన్ని చోట్లా అలా కుదరదు. ఖుష్ మహల్ పైకి ఎక్కాలంటే మెట్లే, ఏకశిల గుట్టకూ మెట్లే. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి ఎత్తైన అరుగు మీద ఉంది. పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడికి ఆరడుగుల పీఠం. ఈ రాళ్లను మా కోసం చెక్కమని ఏ తల్లీ అడగదు. రామప్పలో చూరు కింది మదనికలను, అంటే నాట్యం చేసే ఆడవాళ్ల శిల్పాలను, బాబు కింద నుంచే తలెత్తి చూశాడు, పైకి ఎక్కిన వాళ్లు మాత్రం తలెత్తకుండా చూస్తారా? ఎనిమిది వందల ఏళ్ల కిందట కట్టిన దాని గురించి నాకు పేచీ లేదు. మొన్న మొన్న సిమెంటుతో కట్టిన వాటి గురించే నా బాధ.

మా ఊళ్లోనే ఒక పాత కట్టడానికి కొంత దూరంలో పార్కు ఉంది. చెట్లు, నడిచే దారి, పిల్లలకు జారుడు బండ, ఉయ్యాలలు. దాని పేరు రాయను, ఎందుకంటే అక్కడి వాళ్లు చివరికి పని చేసి పెట్టారు. 2023 ఎండాకాలం సెలవుల్లో ఒక సాయంత్రం పోయాం. గేటు దగ్గరే ఆగిపోయాం. మోటార్ సైకిళ్లు లోపలికి రాకుండా ఇనుప పైపులు పాతారు, మనిషి పక్కకు ఒరిగి పోయేంత సందు. టేపు పెట్టి చూస్తే 22 అంగుళాలు. బాబు కుర్చీ, చేతి రింగులతో కలిపి 24న్నర.

"ఎత్తుకొని పోండ్రమ్మా, కుర్సీ నేను చూస్కుంట" అన్నాడు వాచ్‌మన్. మంచి మనసుతోనే అన్నాడు. మా ఆయన బాబును ఎత్తుకున్నాడు. నేను కుర్చీ మడిచి పైపుల మీదుగా అవతల దింపాను. లోపల దారి మీదికి రెండు మెట్లు. ఎక్కాక ఉయ్యాలల చుట్టూ ఇసుక. ముందరి చిన్న చక్రాలు ఇసుకలో సగం దాకా దిగబడ్డాయి. మళ్లీ ఎత్తుకున్నాం. నా ఒళ్లో కూర్చోబెట్టుకుని ఉయ్యాల ఎక్కబోతే, "పెద్దోళ్లు కూసోవద్దమ్మా, తెగుతది" అన్నాడు వాచ్‌మన్. అది పిల్లల ఉయ్యాల, ఆయన చెప్పింది న్యాయమే.

మా పెద్దది జారుడు బండ ఎక్కి జారుతూ, ప్రతిసారీ తమ్ముడి వైపు చూసి ఆగిపోతోంది. బాబు చెయ్యి చాచి ఉయ్యాల గొలుసు పట్టుకున్నాడు. వాడి పిడికిలి బిగిస్తే అంత తొందరగా విడవదు, విప్పుదామన్నా వాడి చేతిలో ఉండదు. బయల్దేరేటప్పుడు ఒక్కొక్క వేలు తీసి విడిపించాల్సి వచ్చింది. అరచేతిలో గొలుసు అచ్చు, తుప్పు మరక. ఆ మరక సబ్బుకు పోలేదు, రెండు రోజులుంది.

ఆ రాత్రి కూర్చుని అర్జీ రాశాను. రెండు పేజీలు. మా బిడ్డను చూసి కరుణించండి, దేవుడు మిమ్మల్ని చల్లగా చూస్తాడు, ఇదే ధోరణి. భవిత కేంద్రంలో టీచరమ్మకు చూపిస్తే చదివి, పెన్ను తీసి అడ్డంగా గీత కొట్టింది. "ఇదంత తీసెయ్ చెల్లె. గేటు ఎంతుంది, కుర్సీ ఎంతుంది, గది రాయి. కింద చట్టం పేరు రాయి." అప్పుడు మనసు చివుక్కుమంది. ఇప్పుడు తలచుకుంటే, నాకు అంత మేలు చేసిన మాట ఇంకోటి లేదు.

చట్టం సంగతి ఆమే చెప్పింది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. జనం వచ్చిపోయే కట్టడాలు ఏవైనా సరే, ఆటవిడుపు కోసం వాడేవి కూడా దాని కిందికే వస్తాయి. ఉన్నవాటిని రూల్సు వచ్చిన ఐదేళ్లలో మార్చాలని 45వ సెక్షన్. రూల్సు 2017 జూన్‌లో వచ్చాయి. అంటే నేను అర్జీ రాసే నాటికే గడువు దాటి దాదాపు ఏడాది అయింది. నేను దయ చూపమని వేడుకుంటున్నది, వాళ్లు ఎప్పుడో చేసి ఉండాల్సిన పని కోసం.

మర్నాడు పెద్దదాన్ని, నోటుబుక్కును వెంట పెట్టుకుని పోయాను. నేను కొలుస్తుంటే అది రాసుకుంది. గేటు 22. రెండు మెట్లు కలిపి ఎత్తు 14. నల్లా 44 అంగుళాల ఎత్తున ఉంది, బాబు చెయ్యి ఎంత చాచినా అందదు. వికలాంగుల టాయిలెట్ అని బోర్డు ఉన్న గదికి తాళం. వాచ్‌మన్ తాళం తీస్తే లోపల చీపుర్లు, రంగు డబ్బాలు, విరిగిన కుండీలు. తలుపు 24 అంగుళాలే, పైగా లోపలికి తెరుచుకుంటుంది. సామాను తీసేసినా కుర్చీ పట్టదు.

సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చాను, ఒక్క పేజీ. రసీదు నంబరు ఇచ్చారు. ఆ రసీదును పారేయకండి. తర్వాత ఏ ఆఫీసుకు పోయినా మొదట అడిగేది అదే. నా కాగితం పార్కు చూసుకునే ఆఫీసుకు చేరింది. పదిహేను రోజులకు అక్కడికి పోతే ఒక గుమాస్తా, "పురాతన కట్టడం పక్కన మేకు కొట్టాలన్న పర్మిషన్ గావాలె, నూరు మీటర్ల రూలుంది" అన్నాడు. ఆ రూలు నిజమే. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త కట్టడాలు నిషేధం, ఆ పైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి, 2010లో చట్టం మార్చి పెట్టారు. కానీ పార్కు ఆ హద్దులకు అవతల ఉంది. ఆ సంగతి గుమాస్తా చూడలేదు, నాకూ తెలియదు. నోరు మూసుకుని ఇంటికి వచ్చి నెల రోజులు పోగొట్టుకున్నాను. ఎవరైనా ఆ మాట అంటే, ఏ కట్టడం, ఎన్ని మీటర్ల దూరం అని రాసిమ్మని అడగండి. నేను అలా అడిగిన రోజే ఫైలు కదిలింది.

మూడు నెలలకు వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "అమ్మా, ర్యాంపు ఏసిండ్రు, రాండ్రి."

ఆ ఆదివారం అత్తమ్మతో సహా అందరం పోయాం. గేటు అలాగే ఉంది. మెట్ల పక్కన మాత్రం కొత్త ర్యాంపు, మెరిసే టైల్స్ వేసి, అంచుకు పసుపు రంగు పూసి. మా ఆయన కుర్చీ తోశాడు. సగం ఎక్కేసరికి ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. బాబు తల వెనక్కి వాలింది. నేను వెనక నుంచి భుజం ఆనించకపోతే ఇద్దరూ పడేవారు. దింపడం ఇంకా కష్టమైంది. బాబు భయంతో ఒళ్లంతా బిగబట్టాడు. వాడికి భయమేస్తే కాళ్లు కత్తెరలా మెలిపడతాయి. గంట సేపు అలాగే ఉన్నాయి.

ర్యాంపు పొడవు కొలిచాను. 54 అంగుళాలు. ఎత్తు 14.

ర్యాంపు లెక్క ఎవరైనా నేర్చుకోవచ్చు. ఒక అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు, అంతకంటే నిటారుగా ఉండకూడదు. మన దేశపు ప్రమాణాల్లో ఉన్నది అదే. 14 అంగుళాల ఎత్తంటే 168 అంగుళాలు, అంటే 14 అడుగుల ర్యాంపు. వీళ్లు వేసింది నాలుగున్నర అడుగులు. జాకెట్టుకు మీటరు గుడ్డ కావలసిన చోట కర్చీఫు ఇచ్చినట్టు. పైగా ఇప్పుడు కాగితాల మీద "ర్యాంపు కలదు" అని ఉంటుంది. మెట్లున్నప్పుడు లేదు అని అడగగలిగాను, ఇప్పుడు ఏమని అడగాలి? ఆ తర్వాత రెండు నెలలు నాకు నిద్ర సరిగా పట్టలేదు.

సమాచార హక్కు కింద పది రూపాయల దరఖాస్తు పెట్టాను. ర్యాంపు వాలు ఎంత అని ఎస్టిమేట్‌లో రాశారు, ఎవరు కొలిచారు, ఇవి రెండే ప్రశ్నలు. ముప్పై రోజుల లోపే జవాబు వచ్చింది. ఎస్టిమేట్ నకలులో ఒకే ఒక వరుస, "ర్యాంపు – 1". పొడవు లేదు, ఎత్తు లేదు. కోపం వచ్చింది కానీ, ఎక్కడ తప్పు జరిగిందో కూడా తెలిసింది. కుట్టేవాడికి ఆది జాకెట్టు ఇవ్వకుండా గుడ్డ ఒక్కటే ఇచ్చారు, మేస్త్రి మాత్రం ఏం చేస్తాడు?

ఇంతలో 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. రాజీవ్ రతూరి అనే చూపులేని ఆయన 2005లో వేసిన కేసు అది. సౌకర్యాల ప్రమాణాలు సలహాల్లాగా ఉంటే కుదరదు, కొన్ని తప్పనిసరి రూల్సుగా ఉండాలి, మూడు నెలల్లో అలా రాయండి అని కేంద్రానికి చెప్పింది. ఆ తీర్పుకు ఆధారంగా దేశంలోని పరిస్థితిని పరిశీలించి నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రం. టీచరమ్మ పేపర్ కటింగ్ ఇచ్చింది. జనవరిలో రెండో అర్జీకి దాన్ని జత చేశాను, సమాచార హక్కు జవాబు నకలు కూడా. ఈసారి చివర ఒకే ఒక కోరిక రాశాను. కొలతలు తీసుకునే రోజు మా బాబును, కుర్చీని కూడా పిలవండి.

పిలిచారు. ఒక బుధవారం పొద్దున కొత్త ఇంజనీర్ సారు, ఒక మేస్త్రి వచ్చారు. సారుకు ముప్పై ఏళ్లు కూడా ఉండవు. "నేను తోస్తనమ్మా" అని కుర్చీ పట్టుకుని రెండడుగులు వేశాడు. టైల్స్ మీద బూటు జారింది. కుర్చీ వెనక్కి ఆయన మీదికే వచ్చింది. నేనూ మేస్త్రీ పట్టుకున్నాం. సారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. బాబు నవ్వాడు, వాడికి ఆ కుదుపు బాగుంది. తర్వాత సారు జేబులోంచి తన టేపు తీశాడు.

పద్నాలుగు అడుగులు నేరుగా వేయడానికి జాగా లేదు, మధ్యలో వేపచెట్టు. చెట్టు కొట్టొద్దని అత్తమ్మ ముందే చెప్పింది. మేస్త్రి ఇటుక ముక్కతో నేల మీద గీసి చూపించాడు. ఏడు అడుగులు ఎక్కి, ఒక చదును మీద ఆగి, వెనక్కి తిరిగి ఇంకో ఏడు అడుగులు. "మలుపుకాడ ఎంత జాగ ఇడువాల్నమ్మా?" అని నన్నే అడిగాడు. ఐదడుగులు అని చదివాను కానీ, చూసి చెప్తానన్నాను. సంచిలో నా మార్కింగ్ సుద్ద ఉంది. నా టేపు కూడా సరిగ్గా ఐదడుగులే. చదరం గీసి బాబు కూర్చున్న కుర్చీని మధ్యలో ఆపి చుట్టూ తిప్పాం. మొదట నాలుగడుగుల చదరంలో తిప్పితే వాడి పాదాల పలక గీత దాటింది. ఐదడుగుల్లో ఎక్కడా గీత తగలలేదు. ఆ తెల్ల గీతల పక్కన సారు ఫోటో తీసుకున్నాడు, కాగితం మీద బొమ్మ గీసి నాకూ చూపించాడు. టైల్స్ వద్దన్నాను. అప్పుడు మేస్త్రి తనంతట తానే అన్నాడు, "సిమెంటు పచ్చిగ ఉన్నప్పుడే చీపురుతోని గీతలు కొడత, కాలు జారది, చక్రం జారది." రెండు వైపులా పట్టుకునే పైపులు, చక్రం పక్కకు పోకుండా అంచున చిన్న గట్టు. గంటన్నరలో అయిపోయింది. అంతకుముందు ఏడాదిన్నర ఎవరూ ఆ గంటన్నర మాతో నిలబడలేదు.

గేటు దగ్గర ఒక పైపు కోసేసి 36 అంగుళాలు చేశారు. బండ్లు వస్తాయని వాచ్‌మన్ భయపడ్డాడు. నిజంగానే వచ్చాయి. మొదటి వారం ముగ్గురు కుర్రాళ్లు లోపలి దాకా బైకుల మీద పోయారు. ఇప్పుడు సాయంత్రాలు వాచ్‌మన్ కుర్చీ గేటు దగ్గరే. ఇంకో సంగతి. రోజూ నడకకు వచ్చే ఒక రిటైర్డ్ మాస్టారుకు చూపు లేదు. ఆ పైపును కర్రతో తాకి దారి గుర్తుపట్టేవాడట, తీసేశాక రెండు రోజులు తికమక పడ్డాడు. నాకు ఆ ఆలోచనే రాలేదు. చట్టంలో 21 రకాల వైకల్యాలు రాశారు, నేను చూసింది మా ఇంట్లో ఉన్న ఒక్కదాన్నే. దారి మొదట్లో బొడిపెలున్న పలకలు వేయించమని మాస్టారుతో కలిసి ఇంకో కాగితం ఇచ్చాం. ఆ పని అయింది.

ఉయ్యాలకు డబ్బు లేదన్నారు. మేమే పెట్టుకుంటాం, అనుమతి కాగితం ఇవ్వండి అన్నాను, ఇచ్చారు. ఆటోనగర్‌లో ఒక వెల్డింగ్ షాపాయన చేశాడు. కాళ్లు విరిగిన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, చుట్టూ ఇనుప చట్రం పెట్టి, పాత కారు సీటు బెల్టులు రెండు బిగించాడు. మెత్తలు, కాళ్ల మధ్య పట్టీ నేను కుట్టాను. 3,800 ఖర్చయింది, సగం మా వాడకట్టు వాళ్లు ఇచ్చారు. మొదట రెండు సిమెంటు బస్తాలు కట్టి అరగంట ఊపాడు, అంటే వంద కిలోలు. తర్వాత బాబును కూర్చోబెడితే తల ముందుకు వాలిపోయింది. షాపాయన కాసేపు చూసి, ముందు గొలుసుల్లో చెరో రెండు కడీలు తగ్గించాడు. సీటు వెనక్కి ఒరిగింది, తల ఆనింది.

మా పెద్దది ఊపింది. మొదటి ఊపుకు బాబు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. మూడో ఊపుకు తెరిచాడు. గొలుసు పట్టుకున్న పిడికిలి, ఊగుతూ ఊగుతూ ఉండగా దానంతటదే వదులైంది. ఇన్నేళ్ల ఫిజియోథెరపీలో ఆ చెయ్యి అంత మెత్తగా తెరుచుకోవడం నేను చూడలేదు. మా ఆయన పక్కకు తిరిగి ముఖం తుడుచుకున్నాడు.

ర్యాంపు నుంచి ఉయ్యాల దాకా ఇసుక తీసి నాలుగడుగుల వెడల్పున పేవర్ బ్లాకులు వేశారు. ఇప్పుడు ఆ దారి మీద మా బాబు కంటే ఎక్కువగా తిరిగేది మోకాళ్ల నొప్పుల ముసలమ్మలు, చంటిపిల్లల బండ్లు తోసే తల్లులు. మొన్న హుజూరాబాద్ నుంచి ఒకామె ఎవరి ద్వారానో నా నంబరు తీసుకుని ఫోన్ చేసింది. ఆమె పాపకు కూడా మా బాబు లాగే. ఏం రాయాలక్కా అని అడిగితే, ముందు గేటు కొలిచి చెప్పమన్నాను. సాయంత్రానికి చెప్పింది, 27 అంగుళాలు.

టాయిలెట్ పని మాత్రం కాలేదు. సామాను తీశారు, కొన్నాళ్లు తెరిచి ఉంచారు, మళ్లీ చీపుర్లు చేరాయి. తలుపు అలాగే ఉంది. అందుకే మేం పార్కులో గంటకు మించి ఉండలేం, బాబును ఇంటికి తెచ్చేయాలి. ఈ రాత్రి కాగితం రాసి పెట్టుకున్నాను. తలుపు 24 అంగుళాలు, కావలసింది 36. బయటికి తెరుచుకోవాలి. గోడకు పట్టుకునే కడ్డీ ఉండాలి. తాళం చెవి గేటు దగ్గర ఉండాలి. ఎల్లుండి సోమవారం.